బావ కొట్టు అద్దం మీది కార్డు

అక్కకి,

నేను కులాసాగానే ఉన్నాను, చలికి ముక్కింకా ఊడిపడలేదు. మంచు లోతుల్లో చిక్కుకున్న వందేళ్లనాటి గాలిలో ఎవరూ అనుకోనంత బొగ్గుపులుసు వాయువు కనిపెట్టానని పోయిన కార్డులో గొప్పగా రాశాను కదా, అది ఉత్తదే. గాలిని పైకి తోడే గొట్టానికి ఒక అతుకు వదులైంది. ఈదురుగాలికి ఓర్చుకోలేక నేను ఆ అతుకు పక్కనే ముడుచుకుని కూర్చున్నాను. మా పెద్ద సైంటిస్టుగారు మీటరు చూసి, "అమ్మాయ్, కాస్త అవతలికి జరుగు" అన్నారు. జరిగాను. అంకె దిగిపోయింది. నేను కనిపెట్టింది నా ఊపిరినే. ఆయన అతుకు బిగించి టీ కలిపి ఇచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది.

చంటాడికి దగ్గు తగ్గిందా? నా బదులు నువ్వో ముద్దు పెట్టు. మేడమీద గది కురవడం ఆగిందా? ఉన్ని మేజోళ్లు రెండు జతలు పంపు.

బావ నా కార్డుని కుట్టుకొట్టు అద్దానికి అంటించి, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లందరికీ చదివి వినిపిస్తున్నాడని రాశావు. అది పీకెయ్యమను. ఈ సంగతి కవర్లో దాచి పంపొచ్చు గానీ, కావాలనే కార్డు మీద రాశాను. దీన్ని అదే చోట అంటించమను.

నీ చెల్లెలు