పౌడరు కింద వాసన

అమ్మా రమ్యా, మీ అమ్మకి జ్వరం దిగిపోయిందమ్మా! పొద్దున్నే కళ్ళు తెరిచి కాఫీ అడిగింది! దేవుడికి వేలవేల స్తోత్రాలు!

ఏలూరు ఆసుపత్రి వరండాలోంచి మీ నాన్న దీవించి రాస్తున్నాడు. మేము క్షేమం. ఈ మాట ఇన్నాళ్ళకి ధైర్యంగా రాయగలిగాను. తాడేపల్లిగూడెంలో నువ్వు, కడుపులో బిడ్డ, అల్లుడుగారు క్షేమమని తలుస్తాను. డాక్టరమ్మ మంచం దిగొద్దన్నారు, దిగకు.

వేసిన కుట్లు విప్పి అలా వదిలేశారేమని అడిగావు. అపెండిక్స్ పగిలి ఆపరేషన్ చేసినచోట చీము పట్టిందమ్మా. గాలి తగలనిచోట పెరిగే సూక్ష్మజీవులట. మూసేస్తే మళ్ళీ పెరుగుతాయని తెరిచే ఉంచి, రోజూ కడిగి కట్టు కడుతున్నారు. వాటికి పనిచేసే మందు సెలైన్‌లో ఎక్కిస్తున్నారు. "నోట్లో ఇనప మేకు పెట్టుకున్నట్టుందండీ" అని మీ అమ్మ ఆ మందుని తిడుతోంది. తిట్టనీ! కాని పుండు మానడానికి ఇంకా వారాలు పడుతుందట. అదే దిగులు.

ఫోనులో చెప్పలేనిది ఒకటుంది, మీ అమ్మ పక్కనే వింటుంది. రొయ్యలు వలిచే షెడ్డుకి వెళ్ళినన్నాళ్ళూ బస్సులో జనం తన పక్కనుంచి లేచిపోయేవారు కదా, ఆ సిగ్గు తనకి పోలేదు. ఆపరేషనయ్యాక కట్టులోంచి కుళ్ళు వాసన మొదలైంది. "ఏవండీ, పక్కమంచం ఆవిడ ముక్కు మూసుకుంటోంది. పౌడరు తెచ్చిపెట్టండి" అని బతిమాలింది. తెచ్చి, కట్టు మీదా దుప్పటి మీదా నేనే జల్లాను, సెంటుతో సహా. "వాసనేమైనా వస్తోందా పెద్దాయనా?" అని డాక్టరుగారు అడిగితే "అబ్బే, లేదండీ" అన్నాను.

మర్నాటికి మీ అమ్మకి ఒళ్ళు కాలిపోయి, మాట తడబడిపోయింది. ఫిన్నీ అనే నర్సమ్మ కట్టు విప్పి, "ఇంత వాసన దాచేశారేంటండీ! మాకు దారి చూపించేదే అది!" అని డాక్టరు కోసం పరుగెత్తింది. చీము తీశాక, తెలివొచ్చిన మీ అమ్మని పౌడరు సంగతి అడిగారు. "నేనేనండీ, ఆయన వద్దన్నారు" అంది. పక్కనే ఉండి నేను నోరు విప్పలేదమ్మా.

ఇవాళ డాక్టరుగారికి నిజం చెప్పేశాను. కోప్పడలేదు. "మీవాళ్ళలో ఇంకెవరూ ఇలా దాచకుండా చూడండి" అన్నారు.

ఇట్లు,
నిన్ను తలుచుకునే మీ నాన్న,
నిత్యానందం

మంచం మీదనుంచే ఫోన్లు చెయ్యి తల్లీ:
కొల్లేటికోటలో కనకరత్నం పెద్దమ్మకి, చెల్లెలు బతికిందని.
కలిదిండిలో హెన్రీ మావయ్యకి, స్తుతి ప్రార్థన పెట్టించమని.
మీ అత్తగారికి.
వీళ్ళందరికంటే ముందు నల్లజర్లలో పిన్నికి. తుంటి విరిగి ఆసుపత్రిలో ఉండొచ్చిన బాలస్వామి బాబాయికి నడుం కింద పుండు పడిందట, గదిలో అగరొత్తులు వెలిగిస్తున్నారట. మా శుభవార్త తరవాత చెబుదువుగాని, ముందు ఆ అగరొత్తులు ఆర్పేసి, దుప్పటి ఎత్తి చూడమను.