మూడో దూలం మీద గాజుముక్క

యాకూబ్ చాచా, సలాం.

నువ్వు పోయి నాలుగు నెలలు దాటింది. ఇన్నాళ్లూ నీతో మాట్లాడటానికి మొహం చెల్లలేదు. ఇవాళ చెల్లుతోందనీ కాదు... కానీ ఈ వారం జరిగింది నీకు కాక ఇంకెవరికి చెప్పను?

సోమవారం పొద్దున హాస్టల్ మెస్ హాల్లో మూడో దూలం మీది గాజు పగిలింది.

చీలిక పెరుగుతోందా, ఆగిందా అని చూడటానికి మేస్త్రివి నువ్వు పెట్టే గాజే. పాత కిటికీ అద్దంలోంచి వేలెడు వెడల్పు ముక్క కోసి, చీలికకు అడ్డంగా ఆనించి, రెండు చివర్లూ సిమెంటుతో మెత్తి, దాని మీదే పెన్సిల్‌తో తారీఖు వేసేవాడివి. ఇంజినీరింగ్ చదివి ఈ అడవి అంచు క్యాంపస్‌కు కొత్తగా వచ్చిన నాకు అది చూసి నవ్వొచ్చింది. "నవ్వుతున్నవా సారూ? జర వానలు పడనియ్, అప్పుడు చూద్దువు" అన్నావు.

ఆ హాలు నెత్తిన నీళ్ల ట్యాంకు కట్టినవాణ్ణి నువ్వు తిట్టని రోజు లేదు. ట్యాంకు కారీ కారీ మూడో దూలం ఎప్పుడూ చెమ్మగానే ఉండేది.

నిజానికి ఇదంతా వేసవిలోనే తేలిపోవాల్సింది. నువ్వు పెట్టిన మొదటి గాజు పగిలిన రోజున నిచ్చెన దిగి సరాసరి నా గదికి వచ్చావు. యూనివర్సిటీ నుంచి తనిఖీ వాళ్లు రావడానికి మూడు రోజులుంది. హాలు మూసేస్తే కొత్త కోర్సులు రావని, నా ఉద్యోగం పర్మనెంటు కాదని భయపడ్డాను. పగిలినది తీసేసి కొత్త గాజు పెట్టమన్నాను. 'మేస్త్రి నిచ్చెన తగిలి గాజు పగిలినది, కొత్తది అమర్చడమైనది' అని నా చేత్తోనే రిజిస్టరులో రాసి, నీ సంతకం అడిగాను.

"పెడ్త సారూ, నువ్వు అడిగితె పెట్టనా? గని ఆ దూలానికి నా సంతకంతోటి పనేంది?"

అంటూనే సంతకం పెట్టేశావు.

ఆ ఒక్క వాక్యం నిన్ను ఏం చేసిందో చూశాను. మేస్త్రికి చూపు తగ్గిందన్నారు, ఇక నిచ్చెన ఎక్కనివ్వొద్దన్నారు. ముప్పై ఏళ్లు గోడల మీద బతికిన మనిషిని కింద ఇసుక జల్లించడానికి కూర్చోబెట్టారు. నువ్వు ఒక్కరికీ అసలు సంగతి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నాకైతే సిగ్గుండాలి కదా చాచా?

జ్వరమొచ్చి దవాఖానాలో పడుకున్నప్పుడు కూడా నీ ధ్యాస అక్కడే. "మూడో దూలం మర్వకు సారూ. ట్యాంకు నిండనియ్యకు." సరేనన్నాను. వానలొచ్చాయి, పనులొచ్చాయి... ఆ హాల్లోకి వెళ్లినా తల పైకెత్తడం మానేశాను.

సోమవారం ఎందుకో ఎత్తాను. గాజు రెండుగా విడిపోయి ఉంది. మధ్యలో బియ్యపు గింజంత సందు.

పరుగున ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన శాంతంగా రిజిస్టరు తెప్పించి నీ పేజీ తీశారు. పోయినసారి నిచ్చెన తగిలి పగిలిందిగా, ఈసారీ సున్నాలు వేసేవాళ్లెవరో తగిలించి ఉంటారన్నారు. పరీక్షలు దగ్గరపడ్డాయి, ఇంతమంది పిల్లలకు ఎక్కడ అన్నం పెడతావని అడిగారు. అదే చోట గాజు తనంతట తానే రెండుసార్లు పగిలిందంటే సరే, వెంటనే మూసేద్దామన్నారు.

నేను చెప్పాల్సింది ఆ ఒక్క మాటే. అది చెప్పకుండానే బయటికి వచ్చేశాను.

అప్పుడే భోజనం గంట కొట్టారు. తిరుమలాయపాలెం నుంచి, పెనుబల్లి నుంచి, అడవి లోపలి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు పళ్లేలు మోగించుకుంటూ వరసగా లోపలికి పోతున్నారు. మూడో దూలం కింద బల్ల దగ్గర ఒకడు పక్కవాడి గుడ్డు లాక్కుంటున్నాడు. గబగబా పైకెక్కి ట్యాంకు అడుగు వాల్వు తిప్పేశాను. నీళ్లన్నీ పోయేదాకా అక్కడే నిలబడ్డాను. కింద కుళాయిలు ఆగిపోయి పిల్లలు గోల పెట్టారు. పెట్టనీ అనుకున్నాను. వాళ్లు తిని బయటికి వస్తుంటే తలుపు దగ్గర ఒక్కొక్కణ్ణీ లెక్కపెట్టాను. చివరివాడు రాగానే తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాను.

సాయంత్రం వంటకల్లా తాళం తీయమని ప్రిన్సిపాల్ గారి కాగితం వచ్చింది.

నా బల్ల కింద నీ తాపీ సంచి ఉంది. నువ్వు పోయిన నలభయ్యో రోజున చాచీ నా చేతికిచ్చింది. ఇన్నాళ్లూ విప్పే ధైర్యం లేకపోయింది. అప్పుడు విప్పాను. తాపీ, తూకం గుండు, వాటి కింద పాత పేపర్లో చుట్టిన ఆ మొదటి గాజు... రెండే రెండు ముక్కలు, మీద నీ పెన్సిల్ తారీఖు. పారేసి ఉంటావనుకున్నాను. ఎందుకు దాచావు చాచా? నా కోసమా, పిల్లల కోసమా?

ఆ రోజు నిచ్చెన దిగివచ్చి నువ్వన్నది అప్పుడు గుర్తొచ్చింది. "దెబ్బ తగిల్తే గాజు చూర చూర అయితది సారూ. దూలం గుంజితేనే గిట్ల రెండుగ ఇడిపోతది."

పాత గాజునూ, దూలం మీంచి ఊడదీసిన కొత్త గాజునూ ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. రెండూ ఒకేలా, నడిమికి విడిపోయాయి. నిచ్చెన తగల్లేదని, ఆ అబద్ధం నాదని, మేస్త్రితో సంతకం నేనే పెట్టించానని చెప్పాను. ఆయన ఒక్కో గాజునూ చేతిలోకి తీసుకుని అంచులు కలిపి చూశారు. తర్వాత నా వైపు చూసిన చూపు ఉందే... దానికి నేను తగినవాణ్ణే.

హాలు మూసేశారు. పిల్లలు వరండాలో తింటున్నారు. దూలం కింద నీలగిరి కర్రలు ఆనించి నిన్న పెచ్చు కొట్టించాం. లోపలి ఇనప చువ్వలు తుప్పుపట్టి, వేళ్లతో నలిపితే పొడిగా రాలుతున్నాయి. ట్యాంకు నిండుగా ఉంటే ఎన్నాళ్లు ఆగేదో నువ్వే చెప్పగలవు.

నన్ను సస్పెండ్ చేశారు. గురువారం విచారణ. భయంగానే ఉంది, నీ దగ్గర దాచడమెందుకు?

రిజిస్టరు అప్పగించే ముందు నీ పేజీ తీశాను. నీ సంతకం కింద ఇలా రాశాను: 'పై వాక్యం అబద్ధం. గాజు దూలం కదలికకే పగిలినది. మేస్త్రి ఆ రోజే చెప్పినాడు, ఇంజినీరు వినలేదు.' కింద నా సంతకం పెట్టాను.

విచారణ అయ్యాక, ఏది తేలినా సరే, శుక్రవారం మీ ఊరు తిరుమలాయపాలెం బస్సెక్కుతాను. చాచీ ఎదురుగా కూర్చుని నా నోటితోనే చెబుతాను, నీ చూపు చివరిదాకా బాగానే ఉందని, నీ నిచ్చెన దేనికీ తగల్లేదని.

ఇట్లు,
నీ సారు