చప్పుడు చేయని నాలుగు హారన్లు

భవానీపురం,
12-3-1974

మన తెరేసమ్మ నాన్నగారికి,

మీ అమలమ్మ వందనాలు. దేవుని దయ వల్ల నేనూ పిల్లా బాగున్నాం. భిలాయిలో మీకు నీళ్లు, భోజనం పడ్డాయని రాస్తే మనసు నిమ్మళించింది.

మీరు అడిగినవి వరసగా చెబుతాను. తెరేసమ్మ దగ్గు తగ్గి బడికి వెళుతోంది. షాపు రోజూ తొమ్మిదింటికి తీస్తున్నాం. మన షాపు పనివాడు పుల్లయ్యకు చెవుడు అలాగే ఉంది కాని చేతి పని తగ్గలేదు. పక్కింటి రామకోటేశ్వరరావు మాస్టారు మైకు హారన్ల మోత గురించి మళ్లీ గొడవపడ్డారా అని అడిగారు మీరు. లేదు. మొన్న ఆయనే గుమ్మంలోకి వచ్చి, "ఏమ్మా, షాపు ఎత్తేశారా ఏంటి? నెల నుంచి హలో హలో అన్న కేకే లేదు" అని వాకబు చేశారు. మోత ఎందుకు లేదో రాయడానికే ఈసారి ఇంత పెద్ద కాగితం తీసుకున్నాను.

మీరు వెళ్లిన రెండో వారంలో అబ్దుల్ రవూఫ్ గారు, మీరు ఏడేళ్ల కిందట చేసిచ్చిన యాభై వాట్ల సెట్టును రిక్షాలో వేసుకుని వచ్చారు. పామర్రు చుట్టుపక్కల ఎడ్ల పందాలకు ఆయనదే కదా మైకు. పొద్దున ఒకటి రెండు హారన్లతో బాగానే పలుకుతుందట. జనం చేరాక నాలుగూ కలిపితే మధ్యాహ్నానికి గొంతు పడిపోతోందట. పుల్లయ్య ఒక హారను కట్టి, పావుగంట వాయించి, ఏ లోపమూ లేదని పంపించాడు. తరువాతి ఊళ్లోనూ అదే జరిగింది. ఈసారి రవూఫ్ గారు వచ్చి కుర్చీ వేసినా కూర్చోలేదు.

"చెల్లెమ్మా, బాలశౌరి చెయ్యి మంచిదని పది ఊళ్లలో చెప్పినోణ్ణి నేను. ఇప్పుడు వాళ్లు నా మొహం మీదే నవ్వుతున్నారు. వచ్చే నెల రెండో ఆదివారం పామర్రులో ఆఖరి పందెం. అక్కడా ఆగిందంటే మీ ఆయన పేరున్న రేకు పీకి మీ చేతిలో పెడతా, సెట్టు పాత ఇనుముకేస్తా" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ రోజు అన్నం వారుస్తూ కూడా అదే ఆలోచించాను. మధ్యాహ్నం వచ్చే జబ్బు పావుగంట పరీక్షలో ఎలా కనపడుతుంది? పందెం ఎలా నడుస్తుందో సెట్టును అలాగే నడపాలి. కాని నాలుగు హారన్లు రోజంతా మోగిస్తే వీధి వీధంతా మన మీదికి వస్తుంది. హారన్ల బదులు సెట్టు మీద అంత బరువూ పెట్టేది, నోరు లేనిది ఏదైనా కావాలి. మీరు ఒకసారి కరెంటు పొయ్యి కాయిలుతో సెట్టు పరీక్షించవచ్చని చెప్పింది గుర్తుకొచ్చింది.

రెండు కొత్త కాయిళ్లు తెప్పించాను. ఒక్కోదాన్ని టేపుతో కొలిచి మూడు సమాన ముక్కలు చేస్తే, మీటరు మీద ముక్క ముక్కకూ పదహారు ఓంలు చూపించింది. మీ హారనుకూ అంతే కదా. నాలుగు ముక్కల్ని ఒక చెక్క బోర్డు మీద పొయ్యి మట్టి పళ్లేల్లో పరిచి, చెక్క అంటుకోకుండా కింద ఇటుకలు పెట్టి, ఒక్కోదానికి ఒక స్విచ్చి బిగించాం. ఒక స్విచ్చి వేస్తే ఒక హారను కట్టినట్టు, నాలుగూ వేస్తే నాలుగు కట్టినట్టు. పక్కన ఒక కాగితం అంటించాను. ఏడింటికి ఒకటి, ఎనిమిదిన్నరకు రెండు, పదింటికి నాలుగు, భోజనాల వేళ మళ్లీ రెండు. పందెంలో రవూఫ్ గారు ఎప్పుడు ఏం కడతారో ఆయన్నే అడిగి రాసుకున్నాను. మీటరు అంకె పది నిమిషాలకోసారి పుస్తకంలో ఎక్కించాను.

"సెట్టుని పొయ్యి మీద వండుతున్నారా అమ్మగారూ" అన్నాడు పుల్లయ్య.

"ఉడికిందో లేదో తెలియాలిగా మరి" అన్నాను.

ఒకే తీరున కూత ఇచ్చే మీ చిన్న పెట్టెను కలిపి మొదలుపెట్టాం. గదిలో చప్పుడు లేదు. తీగలు మాత్రం వేడెక్కుతున్నాయి. నాలుగు ముక్కలూ కలిపిన దగ్గర నుంచి రెండు గంటలు మీటరు పద్నాలుగు వోల్టులు చూపించింది. పన్నెండూ పదికి పదమూడు. ఇరవైకి తొమ్మిది. పుల్లయ్యను పిలిచి అంకె చూపించాను. అతను మూత తీసి, చెక్క పుల్లతో ఒక్కో అతుకూ తట్టుకుంటూ వెళ్లాడు. ట్రాన్స్‌ఫార్మరులో నాలుగు హారన్ల తీగ వచ్చే చోట తట్టగానే ముల్లు మళ్లీ పద్నాలుగుకు లేచింది. అక్కడ టంకం పైపైనే కూర్చుంది, లోపల పట్టలేదు. నాలుగు హారన్ల బరువు పడి, వేడెక్కితే తప్ప బయటపడదు.

అది మీ చేతి అతుకే. దాచడం నాకు చేతకాదు. మిగతా అతుకులన్నీ ఏడేళ్లు పందాలూ, బండి కుదుపులూ తట్టుకున్నాయి.

మీ తప్పు ఒకటి చెప్పాను కనుక నాది కూడా చెప్పాలి. ఇది చెప్పడానికి మూడు ఉత్తరాలుగా వెనకాడుతున్నాను. బల్ల మీద ఏదీ ముట్టుకోవద్దని మీరు చెప్పి వెళ్లారు. నేను ముట్టుకున్నాను. పరాయివాళ్ల సెట్టు మీద ప్రయోగం చేయకూడదని, బోర్డును ముందు మన సెట్టుకే కట్టాను. మన పెళ్లయిన ఏడాది మీరు చేసిన మొదటి సెట్టు అది. నాలుగు స్విచ్చిలదాకా బాగానే నడిచింది. మళ్లీ ఒకటితో మొదలుపెడదామని, ఇంట్లో అలవాటు కొద్దీ ముందు నాలుగూ ఆర్పేశాను. కూత నిండుగా ఉండగా సెట్టుకు మోయడానికి ఏ బరువూ లేకుండా చేశాను. లోపల చిటచిట అంది. వాసన వచ్చింది. ట్రాన్స్‌ఫార్మరు మాడిపోయింది.

పుల్లయ్య తప్పు తన మీద వేసుకుని మీకు రాస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. రెండు రోజులు బోర్డు జోలికి పోలేదు. మూడో రోజు మొదటి ముక్కకు ఉన్న స్విచ్చి పీకించి, తీగను నేరుగా అతికించమన్నాను. ఇప్పుడు ఎవరు ఎన్ని ఆర్పినా ఒక హారను బరువు ఎప్పుడూ ఉంటుంది. రవూఫ్ గారి సెట్టు దాని మీదకు ఎక్కింది ఆ తరువాతే. ఆ పొరపాటు ఈ బోర్డు మీద ఇంకెవరూ చేయలేరు.

రవూఫ్ గారి సెట్టు అతుకు మళ్లీ వేశాక రెండు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిపాం. అంకె కదలలేదు. ఆదివారం సెట్టు పామర్రు వెళ్లింది. నేను చర్చిలో పూజకు వెళ్లాను కాని ఫాదరుగారు చెప్పిన ప్రసంగంలో ఒక్క మాట అడిగినా చెప్పలేను. సోమవారం రవూఫ్ గారు వచ్చి, అడక్కుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఎడ్లు అలిసిపోయినై. చెప్పేవాడి గొంతు పోయింది. సెట్టు మాత్రం పోలా చెల్లెమ్మా" అన్నారు.

తన మిగతా సెట్లు ఐదూ కూడా ఆ బోర్డు మీద నడపమని దించి వెళ్లారు. పందాల వాళ్లకు చూపించడానికి, ఎన్ని గంటలు నడిపామో చీటీ రాసి అంటించమన్నారు. కింద ఎవరి సంతకం అని పుల్లయ్య అడిగాడు. సెట్టు చేసింది మీరు. మీ పేరు రేకు మీద పైన అలాగే ఉంది. పరీక్ష చేసింది నేను. అందుకని చీటీ కింద నా పేరు రాశాను. మిమ్మల్ని అడిగి రాయలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మాడిపోయిన ట్రాన్స్‌ఫార్మరుకు ఎంత తిడతారో తిట్టండి. చీటీ గురించి మాత్రం ఏమీ అనకండి.

ఇట్లు,
మీ తెరేసమ్మ తల్లి,
అమలమ్మ