సి డ్రైవ్ ఒక్కటే

జూలై 8, సోమవారం

వర్క్‌షాపు ఆఫీసు సిస్టమ్‌లో వైరస్. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయాయి. మా ఓనర్ శ్రీరామ్మూర్తి గారు నా నెత్తిన నిలబడి, ఏటి సుమంతూ, డ్రాయింగులు పోనాయేటి అని ఒకటే గోల. పోలేదు. అవి డి డ్రైవ్‌లో ఉన్నాయి. విడిగా పెట్టుకున్న హార్డ్‌డిస్క్‌లో ఇంకో కాపీ కూడా ఉంది.

ఆటోనగర్‌లో ఎవరి సిస్టమ్ పాడైనా అందరం చేసేది ఒకటే. సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టి, విండోస్ కొత్తగా వేసి, డి జోలికి పోకుండా వదిలేస్తాం. నేనూ అదే చేశాను. ఫుల్ ఫార్మాట్ అయిపోయింది సార్, ఇంక వైరస్ అన్న మాటే లేదని చెప్పాను. లేత్ దగ్గర అబ్బులు నన్ను డాక్టర్ గారూ అన్నాడు. బాగానే అనిపించింది.

జూలై 10, మధ్యాహ్నం

మళ్లీ వచ్చింది.

జూలై 10, సాయంత్రం

ఎలా వచ్చిందని ఓనర్ అందరి ముందూ నిలదీశారు. నోటికొచ్చింది చెప్పేశాను. ఎవరో బయటి పెన్‌డ్రైవ్ పెట్టారన్నాను. ఎవరో ఏమిటి? పెట్టింది బిల్లింగ్ చూసే కుసుమకుమారి అక్క ఒక్కతే. కూతురు హిమబిందు డిగ్రీ అడ్మిషన్ కాగితాలు నిన్న ప్రింట్ తీసుకుంది. అదీ నన్ను అడిగే.

నా వల్లేటి తమ్ముడూ అని అక్క మెల్లిగా అడిగింది. అయ్యుండొచ్చక్కా అన్నాను. కీబోర్డు దులుపుతూ అన్నాను, మొహం చూడకుండా.

జూలై 11

అక్కను మానిపించేశారు. వాళ్ల ఊరు పద్మనాభం నుంచి ఇన్నేళ్లూ బస్సులు మారి వచ్చిన మనిషి. వెళ్తూ అందరికీ చెప్పి వెళ్లింది. నాకు కూడా.

సి మళ్లీ ఫార్మాట్ చేశాను. ఓనర్ మానిటర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. అబ్బులు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

జూలై 15, సోమవారం

మళ్లీ. ఈసారి అక్క లేదు.

రాసేస్తాను, ఎవరు చదువుతారు కనుక. సి ఫార్మాట్ చేసినంత మాత్రాన డిలో ఉన్న వైరస్ పోదని నాకు మొదటి రోజే తెలుసు. ఇల్లంతా కడిగి ఎలుకను అటక మీదే ఉంచుకున్నట్టు. డి కూడా కొట్టేసి, హార్డ్‌డిస్క్ నుంచి డ్రాయింగులు తెచ్చుకుంటే పూటలో అయిపోయే పని. చెయ్యలేదు. డిలో బేరింగ్స్ ఓల్డ్ అని నా ఫోల్డర్ ఒకటి ఉంది. అందులో ఉన్నవి బేరింగులు కావు. నా ఫ్రెండ్ చందుగాడిచ్చిన వీడియోలు. ఎలాంటివో ఇక్కడ కూడా రాయలేను. ఇవాళ స్కాన్ చేస్తే వైరస్ ఫైలు ఆ ఫోల్డర్‌లోనే దొరికింది.

ఆ చెత్త పోతుందని ఒక మనిషి నోటి దగ్గర కూడు లాగేశాను. సిగ్గుగా ఉంది. మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు.

జూలై 16

డి మొత్తం కొట్టేశాను. తర్వాత ఓనర్ గదిలోకి వెళ్లి అన్నీ చెప్పాను, ఫోల్డర్ సంగతితో సహా. నీ ఎదవ బొమ్మల కోసం ఆ మనిసి కడుపు కొట్టేసినావేట్రా అన్నారు. అక్కకు ఫోన్ చేస్తానంటే, ఫోనేటి, ఇంటికెల్లి కాళ్ల మీద పడి తీసుకురా అని కేకలేశారు.

జూలై 17

పద్మనాభం వెళ్లాను. అక్క వరి నారు పోసిన ఆకుమడి దగ్గర ఉంది. గట్టు మీద నిలబడి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. కాలువలో చేతులు కడుక్కుంటూ, అయితే నాను కాదన్నమాట అంది. చేతులు కొంగుకి తుడుచుకుని మళ్లీ అదే అంది.

అప్పుడు బయటపడింది మిగతాది. మా సిస్టమ్‌లో పెట్టిన పెన్‌డ్రైవ్‌నే ఆ సాయంత్రం ఊళ్లో నెట్ సెంటర్‌లో కూడా పెట్టిందట. మా సిస్టమ్ నుంచి పెన్‌డ్రైవ్‌కి, దాన్నుంచి సెంటర్ వాళ్లకి అంటుకుంది. వాళ్లకేమీ తెలియదు. అక్కే వెళ్లి, బాబూ నా దాన్లో వైరస్ ఉందట, మీది సూసుకోండి అని చేతులు జోడించి చెప్పి వచ్చిందట. నేను అన్న మాట నమ్మి. అప్పటినుంచి సెంటర్ నడిపే సాయిశంకర్ తల్లినీ కూతుర్నీ గుమ్మం ఎక్కనివ్వడం లేదు. మీ అమ్మ సెయ్యెడితే సిస్టం పోద్ది అని హిమబిందును నలుగురిలో అన్నాడట. పిల్ల ఇంకా నెట్‌లో కాలేజీ ఆప్షన్లు పెట్టుకోలేదు. రేపే ఆఖరు.

ఉద్యోగం మాట తరవాత తమ్ముడూ, ముందు ఆడికి నువ్వు సెప్పు అంది అక్క. ఇవాళ సెంటర్ మూసి ఉంది. రేపు పొద్దున్నే వెళ్లాలి.

జూలై 18

చెప్పాను. క్యూలో ఉన్నవాళ్లంతా విన్నారు. సాయిశంకర్ హిమబిందును లోపలికి పిలిచాడు, అక్కకు కుర్చీ వేశాడు. నీ దగ్గర పెన్‌డ్రైవ్ ఉందేటి అని నన్ను అడిగాడు. జేబులో ఉందన్నాను. బయటే ఉండమన్నాడు.

ఉన్నాను.