సన్నదారిలో అక్క కణాలు

బావగారికి,

క్షేమమా అని అడగడానికి మనసొప్పక నేరుగా విషయానికొస్తున్నాను. అక్క ఇష్టపడి ఇచ్చిన క్యాన్సర్ గడ్డ ముక్కలోని కణాలు మా ల్యాబులో, వేలిగోరంత పలకలో ఉన్నాయి. అందులో వెంట్రుక కన్నా సన్నని దారులుంటాయి. ఆ ఇరుకులో దూరగల కణాలు ఒంట్లోనూ పాకుతాయని మా అనుమానం.

మందు పెట్టినా అవి ఆగలేదు. ఒళ్లు కుదించుకుని ఒక్కొక్కటే అవతలికి జారాయి. అవి ఎవరివో తెలియని మా సీనియర్ మైక్రోస్కోపు తెర చూసి, "భలే నడుస్తున్నాయే. ఇన్నాళ్లకి ప్రయోగం కుదిరింది," అని నా భుజం తట్టాడు.

సాయంత్రం అక్క ఫోను చేసి, "ఆగాయటే?" అంది. నేను బదులిచ్చేలోపే తనే నవ్వి, "నీ చేతిలో పడ్డాక ఎక్కడికి పోతాయిలే. చిన్నప్పుడు గౌను పట్టుకుని నన్నే గడప దాటనిచ్చేదానివి కాదు," అంది. పలకలో ఆగితే తన ఒంట్లోనూ ఆగినట్టేనని అక్క నమ్మకం. అందుకే ఇక ఆస్పత్రికి రానంటోందని మీరు చెప్పబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా చేతిలో ఉన్నది చూడటమే బావగారూ, ఆపడం కాదు. ఆ మాట మీరైనా చెప్పి, బతిమాలో కోప్పడో తీసుకెళ్లండి. నేనే చెబుదామని ఫోను తీశాను. ముందు ఒక్కసారి పలక చూసొద్దామని వెళ్లాను. ఇవతల ఒక్కటీ మిగల్లేదు.

మీ మరదలు