గాలి కంపెనీ వారి వంతెన

మేనల్లుడికి,

అత్తయ్య దీవించి రాస్తున్న సంగతులు. మేమిక్కడ బాగానే ఉన్నాం. నువ్వూ బాగానే ఉన్నావని మీ కంపెనీ పత్రికలో నీ ఫొటో చూసి తెలుసుకున్నాం. బుగ్గలు వచ్చాయి.

గాలిమరల కంపెనీలో నీకు పెద్ద ఉద్యోగమనీ, కొండ చుట్టుపక్కల ఊళ్ళకి మేలు చేయడమే నీ పననీ మీ మామయ్య వీధి వీధీ తిరిగి చెబుతున్నాడు. మేలు చేసినందుకు జీతం కూడా ఇస్తారని నాకిన్నాళ్ళూ తెలీదు. తెలిసుంటే ఈ కుట్టుమిషను ఎప్పుడో అమ్మేసేదాన్ని.

అసలు విషయానికి వస్తాను. కొండ మీదికి గాలిమరల రెక్కలు మోసుకెళ్ళిన లారీలు మన వాగు మీది వంతెనను విరగ్గొట్టాయి. ఒక్కో రెక్క మన వీధంత పొడుగు. డ్రైవరు దిగి చూశాడు, తల గోక్కున్నాడు, "కంపెనీ వాళ్ళు చూసుకుంటార్లెండి" అని బండెక్కి వెళ్ళిపోయాడు. ఆ కంపెనీ వాళ్ళెవరా అని ఊరంతా కూర్చుని ఆలోచించి, చివరికి నువ్వేనని తేల్చాం. ఆసుపత్రి, బడి, బస్సాగే చోటు అన్నీ అవతలి గట్టునే ఉన్నాయి. పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని నీళ్ళలో దిగి బడికి పోతున్నారు.

ఊరి సంఘానికి నన్ను పెద్దను చేశారు కాబట్టి అందరి తరఫునా అడుగుతున్నాను. మాకు ఒక వంతెన కావాలి.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క.: మరలు తిరుగుతుంటే మేకలు వాటినే చూస్తూ మేత మానేశాయి. మీ మామయ్య కూడా పని మానేశాడు గానీ, ఆయన మరలు రాకముందే మానేశాడు కాబట్టి దాన్ని మీ కంపెనీ మీదకి నెట్టను.

*

అత్తయ్యకి,

మేనల్లుడి నమస్కారాలు. నీ ఉత్తరం అందిన రోజే మీటింగులో చదివి వినిపించాను. "మాకు ఒక వంతెన కావాలి" అన్న చోట మా డైరెక్టరు గారు చెయ్యెత్తి ఆపారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఏం మాటన్నారయ్యా మీ అత్తయ్య! ఇన్ని ఊళ్ళు తిరిగాం, అందరూ పంపులనీ పలకలనీ అడిగినవాళ్ళే. ఇంత లోతుగా అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు" అన్నారు. అక్కడికక్కడే మంజూరు చేసేశారు!

నీకు తెలీదు గానీ, మా దగ్గర ఒక ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి వెళ్ళాలంటేనే పిల్లలకి పళ్ళొచ్చేస్తాయి. నీ వంతెన మాత్రం టీ చల్లారేలోపు అయిపోయింది.

సోమవారం ఉదయం బృందం వస్తుంది. పెద్దా చిన్నా అందరూ ఉండాలి, అందరూ చేతులు కలపాలి. ఇది బాగా జరిగితే నా ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. కాబట్టి మామయ్యని కూడా లేపి తీసుకురా.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: అందరినీ వదులు బట్టలు వేసుకుని రమ్మన్నారు. ఎందుకో నాకూ చెప్పలేదు.

*

మేనల్లుడికి,

అత్తయ్య రాయునది. దీవెనల సంగతి చివర్లో ఆలోచిస్తాను.

సోమవారం మన ఊరి మేస్త్రీ తెల్లారకముందే లేచి తాపీ, తూకంగుండు తుడుచుకుని సిద్ధమయ్యాడు. ఆడవాళ్ళం తట్టలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాం. మీ మామయ్య పార కూడా పట్టుకున్నాడు. పెళ్ళయ్యాక ఆయన చేతిలో పార చూడడం అదే మొదలు.

మీ బృందం రాత్రంతా కొండ చుట్టూ తిరిగొచ్చి వ్యానులో దిగింది. సిమెంటు బస్తాలుంటాయని వెనక తలుపు తెరిచి చూశాం. చాపలున్నాయి. ఒక పెద్ద స్పీకరూ, రంగురంగుల ఊలుదారం ఉండలూ ఉన్నాయి. ట్రైనరమ్మట, చక్కగా నవ్వుతుంది. మమ్మల్నందర్నీ గుండ్రంగా నిలబెట్టి, చేతులు పట్టుకోమని, కళ్ళు మూసుకోమంది. "ఇప్పుడు మీకూ కంపెనీకీ మధ్య ఒక వంతెన లేస్తోంది. కనిపిస్తోందా?" అంది.

మేస్త్రీ ఒక కన్ను తెరిచి వాగు వైపు చూసి, "ఇంకా లేదండీ" అన్నాడు.

"మనసుతో చూడండి."

"మనసుతో చూస్తే పాతది కనిపిస్తోందండీ. కొత్తదానికి సిమెంటు ఎన్ని బస్తాలు తెచ్చారు?"

"నమ్మకమే మన సిమెంటు" అందావిడ. మేస్త్రీ అదేం కంపెనీదో కనుక్కోమన్నాడు, ఎప్పుడూ వాడలేదట.

ఆ తర్వాత ఊలుదారం ఒకరి మీదికొకరం విసురుకున్నాం. అది మీ కంపెనీ మా ఊరితో అల్లుకున్న బంధమట. విప్పడానికి మధ్యాహ్నమైంది. చివరికి నా కత్తెరే దిక్కయింది. బాబూ, నేనడిగింది రాళ్ళతో కట్టే వంతెన. వాగు మీద.

ఇట్లు,
అత్తయ్య

తా.క.: అవతలి గట్టున ఎవరితో బంధం అల్లాలని వెళ్ళిందో గానీ, వాగులో దిగిన ట్రైనరమ్మ చెప్పులు కొట్టుకుపోయాయి. అరిచిన అరుపుకి మేకలు మళ్ళీ మేత మొదలుపెట్టాయి. ఆ మేలుకి మాత్రం కంపెనీకి మా కృతజ్ఞతలు.

*

అత్తయ్యకి,

నమస్కారాలు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు. ఈసారి నేనే లేచి నిలబడి డైరెక్టరు గారికి విడమరిచి చెప్పాను. "సార్, వాళ్ళకి కావలసింది మనసుల మధ్య వంతెన కాదు. వాళ్ళకి నడవడం కావాలి. నడవలేకపోతున్నారు" అన్నాను.

ఆయన బల్ల గుద్దారు. "అలా చెప్పవేం! నడక! ఆరోగ్యం!" అన్నారు.

ఇంకా నా నోరు మూతపడకముందే 'గాలితో పాటు నడుద్దాం' అనే కార్యక్రమం మంజూరైంది. మొత్తం ఊరికి టోపీలు, చొక్కాలు వస్తున్నాయి. అత్తయ్యా, కోప్పడకు. ఆయన ఊపు మీద ఉన్నప్పుడు అడ్డుపడితే ఏమవుతుందో నాకంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్నతన్ని అడగాలి. అతను ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలీదు. ముందు ఈ నడక కానిచ్చేద్దాం, తర్వాత మెల్లగా రాళ్ళ సంగతి ఎత్తుతాను.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: ఫొటోలో అందరూ నవ్వాలి. మేస్త్రీ నవ్వకపోతే వెనక వరసలో నిలబెట్టు.

*

ఒరే,

దీవెనలు లేవు.

టోపీలు వచ్చాయి. చొక్కాలన్నీ ఒకటే కొలత. మీ మామయ్యకి బొడ్డు దాకా, పక్కింటి పిల్లకి పాదాల దాకా. వాటిని విప్పి కుట్టడానికి నా మిషను వారం పాటు ఊపిరి పీల్చలేదు. వీపు మీద 'గాలి మనది' అని రాశారు. గాలి ఎప్పుడూ మాదేరా. వంతెన కూడా మాదే ఉండేది, మీరొచ్చేదాకా.

నడక రోజున ఊరంతా టోపీలు పెట్టుకుని బయల్దేరాం. వాగు దాకా వెళ్ళి ఆగాం. ఇంకెక్కడికి వెళ్తాం? మీ ఫొటోగ్రాఫరు, "అద్భుతం! ఇప్పుడు వెనక్కి తిరిగి నడవండి" అన్నాడు. తిరిగి నడిచాం. అవతలి గట్టు నుంచి డాక్టరమ్మ మమ్మల్ని చూసి, ఏదో ఊరేగింపనుకుని చెయ్యూపింది.

ఇంతవరకూ నవ్వుకో. ఇకపై నవ్వకు. మర్నాడు మేస్త్రీ పెళ్ళానికి నొప్పులొచ్చాయి. వాగు పొంగి ఉంది. మా వీధి తలుపు ఊడదీసి, దాని మీద ఆమెను పడుకోబెట్టి, మగాళ్ళు భుజాల మీద మోసుకుంటూ నీళ్ళలోకి దిగారు. నేను పక్కనే ఆమె చెయ్యి పట్టుకుని నడిచాను. నడుం దాకా నీళ్ళు. మధ్యలో మేస్త్రీ కాలు జారింది. తలుపు ఒక పక్కకి ఒరిగినప్పుడు ఆమె అరవలేదు, నా వేళ్ళు విరిగేలా పట్టుకుంది. ఆ పట్టు నాకింకా తెలుస్తూనే ఉంది. ఆసుపత్రి దాకా కూడా ఆగలేదు, బస్సాగే చోట బెంచీ మీద కాన్పయింది. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ఒంటి మీద పొడిబట్ట ఎవరికీ లేకపోతే, నెత్తిన తడవకుండా మిగిలిన మీ టోపీలో పిల్లను పెట్టి చుట్టాం. సరిగ్గా సరిపోయింది. మీరు పంపినవాటిలో కొలత కుదిరింది అదొక్కటే.

వంతెన అంటే ఇటో గట్టు, అటో గట్టు, కింద నీళ్ళు, పైన రాళ్ళు. దీన్ని ఇంకోలా అర్థం చేసుకున్నావో, వచ్చి నీ చెవి మెలిపెడతాను.

అత్తయ్య

తా.క.: మేస్త్రీ నవ్వాడు. కూతుర్ని చూసి. దాన్ని ఫొటో తీయడానికి మీవాళ్ళెవరూ లేరు.

*

అత్తయ్యకి,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు ధైర్యం చేసి డైరెక్టరు గారికి మొత్తం చదివి వినిపించాను. ఆయన ఏడ్చారు. నిజంగా ఏడ్చారు. ఇక వంతెన వచ్చినట్టే అనుకున్నాను.

ముక్కు తుడుచుకుని, "దీన్ని వార్షిక నివేదిక అట్టమీద వేయండి" అన్నారు.

అట్టమీద వేసినంత మాత్రాన వాగు మీద వంతెన లేవదని నాకూ తెలుసు. కానీ ఒక మంచి కబురు కూడా ఉంది. మన ఊరి మేలుకని కంపెనీ విడిగా పెట్టిన డబ్బును చూసే ఊరి నిధి కమిటీకి ఊరివాళ్ళే అధ్యక్షులుగా ఉండాలని నిబంధన ఉందట. ఇన్నాళ్ళూ ఆ కుర్చీ ఖాళీ. "మీ అత్తయ్యనే వేద్దాం. పెద్దావిడ, ముఖంలో నిజాయితీ ఉంటుంది, ఫొటోకి బాగుంటుంది" అన్నారు డైరెక్టరు గారు. నీతో పాటు ఊరి నుంచి ఇంకో ఇద్దరు సభ్యులు కావాలట, ఎవరైనా పరవాలేదట.

పనేమీ ఉండదు అత్తయ్యా. కట్ట కాగితాలు వస్తాయి, పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోట సంతకం చేస్తే చాలు. చదవనక్కర్లేదు. నేనూ ఎప్పుడూ చదవలేదు.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: నా ఉద్యోగం పర్మనెంటు కాగితం కూడా ఆ కట్టలోనే ఉంది. దాన్ని మాత్రం మర్చిపోకు.

*

సమాజ సంబంధాల అధికారి గారికి,

నిధి కమిటీ అధ్యక్షురాలు తెలియజేయునది ఏమనగా,

తమరు పంపిన కట్ట అందినది. అంగడి కట్టేసి, కళ్ళద్దాలు పెట్టుకుని, మొదటి కాగితం నుంచి చివరి కాగితం వరకూ చదివితిమి. మిగతా ఇద్దరు సభ్యులు మేస్త్రీ, మేస్త్రీ భార్య. ఆమె చంకలో పిల్లతోనే హాజరైనది.

తేలిన సంగతి ఏమనగా, ఊరికి ఇచ్చినదానికంటే ఇచ్చామని చెప్పుకోవడానికైన ఖర్చే ఎక్కువ. ట్రైనరమ్మ, ఊలుదారం, స్పీకరు, ఫొటోగ్రాఫరు, వార్షిక నివేదిక నున్నటి కాగితం, అన్నీ మా నిధిలోంచే. అయిన ఖర్చులకు ఇప్పుడు సంతకం అడుగుచున్నారు గానీ, అధ్యక్షురాలి సంతకం లేనిదే ఆ నిధి కదలరాదని కూడా అందులోనే రాసి ఉన్నది. కావున ఈ కింది తీర్మానములు చేయడమైనది.

చాపలు, దారాలు, టోపీలు ఇకపై రద్దు. వంతెనకు అనుమతి. కొండ మీద మరలు నిలబెట్టిన ఇంజనీరునే పిలిపించి పని అప్పగించితిమి. అంత ఎత్తు మరను నిలబెట్టినవాడికి ఇంత వంతెన ఒక లెక్కా అని అడిగితే, "ఇన్నాళ్ళూ మమ్మల్నెవరూ అడగలేదండీ" అన్నాడు. పునాది తవ్వకం మొదలైనది.

డైరెక్టరు గారు ఫోను చేసి, "అమ్మా, మీరు గుర్తు పెట్టిన చోట సంతకం చేయలేదు" అన్నారు. "బాబూ, నేను దర్జీని. గుర్తు ఎవరు పెట్టినా, ఒకసారి నేను కొలుచుకోనిదే కత్తెర వేయను" అన్నాను. "కంపెనీ పేరేమవుతుంది?" అన్నారు. "వంతెన మీద పెద్దక్షరాలతో చెక్కిస్తాం, మొదటి లారీ బరువు తట్టుకున్నాక" అన్నాను. ఫోను పెట్టేశారు.

చివరి తీర్మానం తమరి గురించి. తమరి జీతం కూడా మా నిధిలోంచే వస్తున్నదని చదివి మేస్త్రీకి పొలమారినది. ఉద్యోగం తీసేద్దామని ఒక సభ్యుడు అన్నాడు. అధ్యక్షురాలు కలగజేసుకుని, పర్మనెంటు చేయించినది. అయితే తమరి కుర్చీ నగరం నుంచి ఎత్తి వాగు గట్టు మీద వేయవలసిందిగా ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. వంతెన పూర్తయ్యే దాకా ఉదయం, సాయంత్రం బడిపిల్లలను చెయ్యి పట్టి దాటించడం తమరి విధి.

ఇట్లు,
అధ్యక్షురాలు, ఊరి నిధి కమిటీ

తా.క.: ఇది మాత్రం అత్తయ్య రాస్తోంది. నీ గది ఊడ్పించాను, పరుపు ఎండబెట్టాను. బస్సు అవతలి గట్టునే ఆగుతుంది నాన్నా. ఎదురు రావడానికి మీ మామయ్య వస్తానన్నాడు, నేనే వద్దన్నాను. బూట్లు విప్పి చేత్తో పట్టుకో, ప్యాంటు పైకి మడుచుకో, ఫొటోకి నవ్వినట్టు నవ్వుతూ మెల్లగా దిగు. ఎంత లోతో ఈసారి ఉత్తరంలో రాయను.