తొమ్మిదేళ్ల చప్పిడి

12 మే 2003, గార్లదిన్నె

మా ఆయనకు మళ్లీ గుండెనొప్పి. మోటార్లు రిపేరు చేసే మా షాపులోనే కూలబడ్డాడట. అక్కడే పనిచేసే నా తమ్ముడు రంగన్న జీపులో వేసుకొచ్చాడు. తొంభై నాలుగులో బైపాస్ అయిన గుండె. ఏం కాదు. నేను మొక్కు తప్పలేదు. ఈయన బతికితే జన్మలో ఉప్పు ముట్టనని అప్పుడు లేపాక్షి వీరభద్రుడికి మొక్కుకున్నాను. ముట్టలేదు. పెళ్లిళ్లకు కూడా డబ్బాలో చప్పిడి సంగటి తీసుకుపోయి తిన్నాను. అందరూ నవ్వేవాళ్లు.

15 మే, బెంగళూరు

అప్పుడు కాలి నుంచి తీసి అతికిన నరాలు మూసుకుపోయాయి. మళ్లీ బైపాస్. ఒకసారి కోసిన ఛాతీ కాబట్టి రిస్కు ఎక్కువట. కిడ్నీలు కూడా బాగా లేవు, హార్ట్-లంగ్ మెషిన్ పెట్టరట. గుండెను ఆపకుండా, కొట్టుకుంటుండగానే కుడతారట. కుట్టే చోట మాత్రం కదలకుండా పట్టి ఉంచుతారట.

రోజుకు ఎన్ని బీడీలని డాక్టర్ అడిగాడు. మానేసి తొమ్మిదేళ్లయిందని నేనే చెప్పాను. డాక్టర్ నా వైపు చూడలేదు. ఇప్పుడు అబద్ధం చెబితే మత్తు ఇచ్చేటప్పుడు ప్రాణం మీదికొస్తుందని ఆయనతో అన్నాడు.

రోజుకొక కట్ట అన్నాడు మా ఆయన.

16 మే

రంగన్నకు తెలుసు. కట్టలు తెచ్చిచ్చేది వాడే. 'నీకు చెప్తే బావ నన్ను షాపులోంచి తరుముతాడు గదక్కా' అన్నాడు. నా తోడబుట్టినవాడు! టీకొట్టు బసప్పకు తెలుసు. ఊరందరికీ తెలుసు. పెళ్లిళ్లలో నా డబ్బా చూసి నవ్వింది అందుకేనా?

మధ్యాహ్నం

అడిగేశాను, ఎట్లా తాగబుద్ధయిందని. సిగ్గుపడతాడనుకున్నా. చాలా తేలిగ్గా చెప్పాడు. 'నువ్వు మొక్కు తప్పకుండా చేస్తాండావు గదా. ఇంగ నాకేమయితాదిలే అనుకుంటి.'

నేను నోరు కట్టుకున్నకొద్దీ ఆయనకు ధీమా పెరిగింది. అంటే ఆ బీడీలు వెలిగించింది నేనే. ఇంతకన్నా పచ్చి మోసం ఉంటుందా? నన్ను నాలుగు కొట్టినా ఇంత మండేది కాదు.

18 మే

ఆయన దగ్గరికి రంగన్ననే పంపి, నేను వరండాలో కూర్చున్నాను.

19 మే

పొద్దున ఆపరేషన్. స్ట్రెచర్ మీద పోతూ నా చెయ్యి పట్టుకున్నాడు. 'ఈతూరి ఇంగా గట్టిది మొక్కుకో సరళా' అన్నాడు. చెయ్యి విడిపించుకున్నాను. తలుపు మూసుకుంది. ఈయన చావకూడదు. చస్తే ఈ కోపం ఎవరి మీద తీర్చుకోను?

సాయంత్రం డాక్టర్ బయటికొచ్చి, మూడు చోట్ల కుట్టామని, గుండె ఒక్క క్షణం కూడా ఆగలేదని చెప్పాడు. బతికాడు. గోడకు ఆనుకుని ఏడ్చాను. కోపం ఎక్కడికీ పోలేదు.

23 మే

వార్డుకు మార్చారు. గొంతు పెగలగానే ఆయన అడిగిన మొదటి మాట, 'ఏం మొక్కుకుంటివి?'

ఏమీ మొక్కుకోలేదని చెప్పాను.

భయపడ్డాడు. పడనీ.